ఎండ దాహమా, జబ్బు దాహమా? కుక్క మూత్రం చూసి చెప్పొచ్చు

(అనంతపురంలో కుక్కల్ని పెంచుకునేవాళ్ల కోసం ఒక ఆదివారం పొద్దున ఏర్పాటైన సమావేశంలో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కుక్కను తెచ్చుకున్న పాపా, నువ్వు ఫ్యాన్ కింద కూర్చో తల్లీ, అది బాగా రొప్పుతోంది.

ఈ రోజు ఒకటే విషయం మాట్లాడుకుందాం. కుక్క అదేపనిగా నీళ్లు తాగడం. వినడానికి చిన్న విషయంలానే ఉంటుంది. మన ఊళ్లో అయితే ఇంకా చిన్నదిగా కనిపిస్తుంది, ఎందుకంటే దేనికైనా మన దగ్గర రెడీగా ఒక జవాబుంది, ఎండలు. సార్, ఎండలు కదా, అందుకే తాగుతోంది. నిజమే, కాదని ఎవరంటారు? దేశంలో వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో మనదొకటి, ఏప్రిల్, మే వస్తే 40 డిగ్రీలు దాటడం మామూలు. అంత ఎండలో నీళ్లు తాగకపోతే భయపడాలి గానీ తాగితే భయమెందుకు అంటారు. సరిగ్గా అందుకే మన వైపు ఈ లక్షణం ఎండ చాటున దాక్కుంటుంది. ఉగాదప్పుడు మొదలైన దాహం, వానలు పడి చల్లబడ్డాక కూడా తగ్గకపోతే, అప్పుడు అనుమానం వస్తుంది. అప్పటికి మూడు నెలలు పోయాయి. కొన్ని జబ్బులు మూడు నెలలు ఆగుతాయి, కొన్ని మూడు రోజులు కూడా ఆగవు.

మరి ఎండ దాహానికీ జబ్బు దాహానికీ తేడా ఎలా తెలుస్తుంది? ఇంట్లో ఏ మెషిన్ లేకుండా తెలుస్తుందా? చాలా వరకు తెలుస్తుంది. నీళ్ల గిన్నె చూస్తే తెలియదు. మూత్రం చూస్తే తెలుస్తుంది.

ఎలాగో చెప్తాను. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, అరికాళ్ల దగ్గర కొంచెం తప్ప. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని కూలింగ్. రొప్పినంతసేపూ నోట్లోంచి, ఊపిరిలోంచి నీళ్లు ఆవిరై పోతుంటాయి. ఒంట్లో నీళ్లు తగ్గుతున్నాయని మెదడుకు తెలియగానే కిడ్నీకి కబురు పోతుంది, నీళ్లు బయటికి వదలొద్దు, దాచిపెట్టు అని. కాబట్టి ఎండ దెబ్బకు దాహమేసిన కుక్క నీళ్లు ఎక్కువే తాగుతుంది, కానీ మూత్రం తక్కువ పోస్తుంది. పోసింది కూడా ముదురు పసుపు రంగులో, ఘాటు వాసనతో ఉంటుంది. సాయంత్రం చల్లబడితే దాహం కూడా తగ్గుతుంది.

జబ్బు దాహం అట్లా ఉండదు. తాగేది ఎక్కువ, పోసేది కూడా ఎక్కువే. మూత్రం తెల్లగా, కుళాయి నీళ్ల మాదిరిగా ఉంటుంది, వాసన పెద్దగా ఉండదు. రాత్రి రెండు గంటలకు లేచి తలుపు గీరుతుంది. ఏళ్ల తరబడి ఇంట్లో ఒక్క చుక్క పోయని కుక్క సోఫా పక్కన మడుగు చేస్తుంది. ఫ్యాన్ కింద చల్లగా పడుకున్నా, డిసెంబరులో కూడా, లేచి లేచి తాగుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, రాసుకునేవాళ్లు రాసుకోండి. మనం ఏమనుకుంటాం? నీళ్లు ఎక్కువ తాగుతోంది కాబట్టి ఎక్కువ పోస్తోంది అనుకుంటాం. చాలా జబ్బుల్లో వరస తిరగబడి ఉంటుంది. ముందు కిడ్నీ నీళ్లు పట్టి ఉంచలేక వదిలేస్తుంది, ఆ పోయినదాన్ని పూడ్చుకోవడానికి కుక్క తాగుతుంది. ముందు మూత్రం, తర్వాత దాహం. మీ ఇంటి మీద ట్యాంకుకు చిల్లి పడిందనుకోండి, మోటారు ఎక్కువసేపు ఆడుతుంది. మోటారు కట్టేస్తే చిల్లి పూడుతుందా?

కానీ ఇళ్లల్లో జరిగేది అదే. ఇల్లంతా తడి చేస్తోందని రాత్రి ఎనిమిదికల్లా గిన్నె ఎత్తి పైన పెడతారు. ప్రేమ లేక కాదు, పాపం, రోజూ గుడ్డ పట్టుకుని తుడిచి తుడిచి విసుగొచ్చి చేస్తారు. దయచేసి చేయొద్దు. గిన్నె తీసేసినా కిడ్నీ నీళ్లు వదలడం ఆపదు. తెల్లారేసరికి కుక్క ఎండిపోయి ఉంటుంది. అసలే దెబ్బతిన్న కిడ్నీకి నీళ్లు అందకపోతే మిగిలిన కాస్త కూడా పోతుంది. సాయంత్రం మామూలుగా కనిపించిన కుక్క మర్నాడు నిలబడలేని స్థితిలో ఆసుపత్రికి రావడం నేను చూశాను, ఒకసారి కాదు. రాత్రి ఇంకోసారి బయటికి తీసుకెళ్లండి, పాత దుప్పటి పరవండి, పేపర్లు పరవండి, ఏమైనా చేయండి, నీళ్లు మాత్రం ఆపొద్దు.

నీళ్లు కొలవడం

సరే, ఎక్కువ అంటే ఎంత? నా కుక్క తెగ తాగుతోంది సార్ అంటారు, ఎంతమ్మా అంటే చేతులు ఇంత వెడల్పు చాపుతారు. లెక్క తేలికే. మామూలు కుక్క రోజు మొత్తం మీద తన బరువులో కిలోకు 50, 60 మిల్లీలీటర్లు తాగుతుంది. అంటే 15 కిలోల కుక్కకు ముప్పావు లీటరు, ఇంకాస్త. కిలోకు 100 మిల్లీలీటర్లు దాటిందంటే, ఆ 15 కిలోల కుక్క రోజుకు లీటరున్నర తాగుతోందంటే, అది జబ్బు లెక్కలోకి వస్తుంది. మధ్యలో ఉంటే ఇంకో రెండు రోజులు కొలవండి. ఎండాకాలం ఆరుబయట తిరిగే కుక్క మామూలు కంటే కాస్త ఎక్కువ తాగుతుంది, అందుకే కొలిచే రోజు దాన్ని నీడపట్టున ఉంచండి.

కొలవడం ఎలాగంటే, పొద్దున్నే లీటరు బాటిల్ నింపుకుని పక్కన పెట్టుకోండి. గిన్నెలోకి ఆ బాటిల్ నీళ్లే పోయాలి. అయిపోతే ఎన్ని బాటిళ్లు పోశారో గోడ మీద క్యాలెండరులో గీత గీయండి. మర్నాడు అదే టైముకు గిన్నెలో మిగిలింది బాటిల్లోకి తిరగపోసి తీసేయండి. అంతే. అయితే కుక్క తెలివైంది. బాత్రూమ్ బకెట్‌లో మూతి పెడుతుంది, తులసికోట దగ్గర నిలిచిన నీళ్లు నాకుతుంది, ఏసీ పైపు కింద నిలబడుతుంది. ఆ ఒక్క రోజు బాత్రూమ్ తలుపు వేసి ఉంచండి. ఇంట్లో రెండు కుక్కలుంటే వేరువేరు గదుల్లో పెట్టాలి, లేదంటే ఎవరు తాగారో మీకు తెలియదు. ఇంకోటి, మన గాలికి వెడల్పు గిన్నె ఎండలో పెడితే సగం నీళ్లు గాలే తాగేస్తుంది, కాబట్టి గిన్నె లోపల పెట్టండి.

మీలో కొందరు సొంత కుక్క కాకుండా, ఊరికి పోయిన అన్నవాళ్లదో పక్కింటి వాళ్లదో చూసుకునేవాళ్లు ఉన్నారు. మీకు ఇంకా కష్టం, దాని మామూలు ఎంతో మీకు తెలియదు కదా. కొత్త ఇల్లు, మనవాళ్లు కనపడరు, ఆ టెన్షన్‌కు కూడా కొన్ని కుక్కలు రొప్పుతాయి, నీళ్లు తాగుతాయి. అందుకే తాళాలు చేతికి ఇచ్చేటప్పుడే అడిగి పెట్టుకోండి. రోజుకు ఎన్ని గిన్నెలు తాగుతుంది, ఏమి తింటుంది, ఏ మాత్రలు నడుస్తున్నాయి, ఆడదైతే ఎప్పుడు ఎదకొచ్చింది, ఏ డాక్టర్ దగ్గర చూపిస్తారు. ఏదైనా అయితే మిమ్మల్ని అడక్కుండా ఆసుపత్రికి తీసుకెళ్లొచ్చా అని కూడా ముందే అడగండి. వాళ్లు తిరుమల క్యూలో ఉంటారు, ఫోన్ కౌంటర్‌లో ఉంటుంది, మీరు ఇక్కడ తల పట్టుకుని కూర్చుంటారు.

లెక్క ఎక్కువ వచ్చిందని వెంటనే కంగారు పడొద్దు. ముందు గిన్నె పక్కన ఉన్న పళ్లెం చూడండి. నిన్నటిదాకా పెరుగన్నమో రాగి సంగటో తిన్న కుక్కకు ఈ రోజు నుంచి ప్యాకెట్ ఫీడ్ పెట్టారనుకోండి, దాహం పెరగక ఏమవుతుంది? సంగటిలో, అన్నంలో సగం కంటే ఎక్కువ నీళ్లే. డ్రై ఫీడ్‌లో నూటికి పది పాళ్లు ఉంటే గొప్ప. ఎవరో ప్రేమగా మిక్చర్, అప్పడం, ఎండుచేప పెట్టినా అంతే, ఆ ఉప్పుకు తాగుతుంది. ఉప్పు దాహమైతే ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

తర్వాత మందులు. దురదలకు, చర్మానికి ప్రెడ్నిసోలోన్ మాత్రలు ఇస్తారు, అది స్టెరాయిడ్. అవి మొదలైన రెండు మూడు రోజులకే కుక్క నీళ్ల తొట్టి ఖాళీ చేస్తుంది, ఆకలి పెరుగుతుంది, మూత్రం పెరుగుతుంది. గుండె జబ్బుకు ఇచ్చే, మూత్రం ఎక్కువ పోయించే నీళ్ల మాత్ర, ఫిట్స్‌కు ఇచ్చే ఫీనోబార్బిటాల్ కూడా అంతే. ఇది మందు గుణం, జబ్బు కాదు. కానీ ఒక హెచ్చరిక, దాహం చూసి భయపడి స్టెరాయిడ్ మాత్రలు టక్కున ఆపొద్దు, ఫిట్స్ మాత్రలు అసలే ఆపొద్దు. ఫోన్ చేసి అడగండి, డోసు మెల్లగా తగ్గిస్తారు.

ఇవేవీ కాకపోతే? అప్పుడు జబ్బు. జబ్బుల్లో నేను ముందుగా చెప్పేది ఆడ కుక్కల గురించి, ఎందుకంటే దీనికి టైము లేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడ కుక్క, కాస్త వయసు మళ్లింది, ఎదకొచ్చి నెలో రెండు నెలలో అయింది, ఇప్పుడు నీళ్లు తెగ తాగుతోంది, తిండి మానేసింది, డల్‌గా పడుకుంది. ఇన్ని కలిశాయంటే గర్భసంచిలో చీము పట్టిందేమో అని మొదట అనుమానించాలి. పయోమెట్రా అంటారు. చీములోని సూక్ష్మజీవుల విషం కిడ్నీ దాకా పోయి, నీళ్లు దాచమని మెదడు పంపిన కబురు కిడ్నీకి వినపడకుండా చేస్తుంది. అందుకే దాహం. కొన్నిటికి వెనక నుంచి చీము కారుతుంది, వాసన వస్తుంది, ఇంట్లోవాళ్లు కనిపెడతారు. ఇంకొన్నిటికి గర్భసంచి మూతి మూసుకుపోయి చుక్క కూడా బయటికి రాదు, లోపలే నిండుతుంది, పొట్ట ఉబ్బుతుంది, పిల్లలు కడుపులో ఉన్నాయేమో అని సంబరపడేవాళ్లు కూడా ఉన్నారు. ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం. లోపల పగిలితే కుక్క బతకడం కష్టం. స్కానింగ్‌లో తెలిసిపోతుంది, చాలావరకు ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేయడమే వైద్యం. రేపు చూద్దాం, సోమవారం చూద్దాం అనే జబ్బు కాదు అక్కా ఇది. చిన్న వయసులోనే ఆపరేషన్ చేయించి ఉంటే అసలు రాదు కూడా.

రెండోది షుగర్. కుక్కకు కూడా షుగర్ వస్తుందా సార్ అని అడుగుతారు. వస్తుందా ఏంటి, మనుషుల షుగర్‌కు మూలం ఒంట్లో ఎక్కడుందో తెలిసింది కుక్క మూత్రం చూసే! 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అని ఇద్దరు డాక్టర్లు ఒక కుక్కకు క్లోమం, అదే పాంక్రియాస్, తీసేశారు. ఆ కుక్క ఎక్కడపడితే అక్కడ మూత్రం పోయడం మొదలుపెట్టింది. మింకోవ్‌స్కీ ఆ మూత్రం పరీక్ష చేస్తే నిండా చక్కెర. క్లోమానికీ షుగర్ జబ్బుకూ సంబంధం అక్కడ బయటపడింది. ఆ దారినే పోయి 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ పట్టుకున్నారు, అది కూడా కుక్కల మీద చేసిన ప్రయోగాల్లోనే. ఇవాళ మన ఇళ్లల్లో ఫ్రిజ్ తలుపులో ఉన్న ఇన్సులిన్ సీసా వెనక ఆ మూగజీవాలున్నాయి. మనం వాటికి బాకీ ఉన్నాం, నేను మనస్ఫూర్తిగా అంటున్నాను.

షుగర్ ఉన్న కుక్క ఎలా ఉంటుంది? బాగా తింటుంది, అయినా వెన్నుపూస బయటపడేంత చిక్కిపోతుంది. రక్తంలో చక్కెర సుమారు 200 దాటితే కిడ్నీ దాన్ని ఆపలేదు, చక్కెర మూత్రంలోకి దిగి వెంట నీళ్లను కూడా లాక్కుపోతుంది. అది మూత్రం పోసిన చోట చీమలు పట్టడం చూస్తే వెంటనే పరీక్ష చేయించండి. చీమలు రాలేదు కాబట్టి షుగర్ లేదు అనుకోవద్దు మళ్లీ. కళ్లు చూస్తుండగానే తెల్లబడి చూపు పోతుంది. ఎక్కువమంది దగ్గర రోజుకు రెండు పూటలా ఇన్సులిన్‌తో నడుస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకు సూది వేసే అలవాటున్నవాళ్లు కుక్కకు ఇంకా సులువుగా వేస్తారు. కానీ మనుషుల షుగర్ మాత్ర సగం చేసి వేయడం వద్దు, డోసు డాక్టరే చెప్పాలి.

ఇక కిడ్నీ. కిడ్నీ చాలా ఓర్చుకుంటుంది, అదే దానితో వచ్చిన చిక్కు. మూడింట రెండు వంతులు పాడయ్యేదాకా మూత్రం చిక్కగా చేసే పని ఎలాగో నెట్టుకొస్తుంది. నాలుగింట మూడు వంతులు పోయాక గానీ రక్త పరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీ బయటికి పంపాల్సిన ఒక వ్యర్థం, పెరగదు. అర్థమైందా? రక్త పరీక్ష నార్మల్ వచ్చిన రోజుల్లోనే మూత్రం పలచబడి ఉంటుంది. మూత్రం ముందు చెప్తుంది, రక్తం తర్వాత చెప్తుంది. అందుకే ఇంతసేపు మూత్రం మూత్రం అని మీ చెవులు కొరుకుతున్నాను.

కిడ్నీ దేనివల్ల పాడవుతుంది? వయసు ఒకటి. పిడుదుల జ్వరం ఒకటి, దాన్ని సరిగ్గా వైద్యం చేయకుండా వదిలేస్తే ఏళ్ల తర్వాత కిడ్నీ మీదికి వస్తుంది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు తాగితే వచ్చే లెప్టోస్పైరోసిస్ ఒకటి, అది మనకు కూడా అంటుతుంది కాబట్టి అనుమానమున్న కుక్క మూత్రం చేతికి గ్లౌజు లేకుండా తుడవొద్దు. పొలాల్లో తిరిగే కుక్కలకు రక్తపింజరి కాటు. ఇక మన చేతులారా చేసేవి. కుంటుతోందని మన ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ వేయడం. కడుపులో పుళ్లు పడతాయి, కిడ్నీ పోతుంది. ద్రాక్ష పెట్టడం. మన జిల్లాలో ద్రాక్ష తోటలున్నాయి, తోటలో రాలిన పళ్లు కుక్కలు తింటాయి, ఇంట్లో పిల్లలు ప్రేమగా కిస్‌మిస్ పెడతారు. ఒక్కో కుక్కకు కొద్ది పళ్లతోనే కిడ్నీలు దెబ్బతింటాయి, ఇంకో కుక్కకు ఏమీ కాదు, ఏది ఏదో ముందుగా చెప్పలేం. ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లమే కారణమని ఇప్పుడు అనుమానిస్తున్నారు. అదే ఆమ్లం దేంట్లో ఉంది? చింతపండులో! కాబట్టి మిగిలిన పులిహోర, పులుసన్నం కుక్కకు వేయొద్దు. పులుసు లేకుండా అన్నం, ఉడికించిన గుడ్డు పెట్టండి, హాయిగా తింటుంది.

కుషింగ్స్ అని ఇంకోటుంది, ఒంట్లోనే స్టెరాయిడ్ ఎక్కువగా తయారవుతుంది. వయసు మీదపడిన కుక్క, పొట్ట కిందికి జారి, రెండు పక్కలా వెంట్రుకలు ఊడి, చర్మం పలచబడి, ఎప్పుడూ ఆకలి, ఎప్పుడూ దాహం. తిండి బాగా తింటోంది కదా అని ఇంట్లోవాళ్లు సంతోషంగా ఉంటారు, అందుకే ఆలస్యంగా వస్తారు. లివర్ జబ్బులున్నాయి. కొన్ని క్యాన్సర్లలో రక్తంలో కాల్షియం పెరిగి దాహమేస్తుంది, కాబట్టి దవడ కింద, మోకాలి వెనక గడ్డలేమైనా ఉన్నాయా అని వారానికోసారి చేత్తో తడిమి చూడండి. ఊరికే అలవాటుగా తాగే కుక్కలు కూడా ఉన్నాయి, కానీ ఆ మాట అన్నీ పరీక్షించాక చివర్లో అనాల్సింది.

తాగలేని కుక్క

దీనికి పూర్తిగా వేరే సంగతి ఒకటి చెప్పకుండా పోలేను. నీళ్ల దగ్గరికి వస్తుంది, మూతి పెడుతుంది, మింగలేదు. చొంగ కారుతుంటుంది, కింది దవడ వేలాడుతుంటుంది, అరుపు మారిపోయి ఉంటుంది. దాహంగా ఉంది పాపం, గొంతులో ఎముక ఇరుక్కుందేమో అని నోట్లో చెయ్యి పెడతారు. పెట్టొద్దు! అది రేబీస్ కావచ్చు. పిచ్చికుక్కకు నీళ్లంటే భయమని మన దగ్గర అందరూ అంటారు, దానికి భయమేమీ ఉండదు, గొంతు కండరాలు చచ్చుబడి మింగలేదు, అంతే. నీళ్లు చూసి దగ్గరికి వచ్చింది కాబట్టి రేబీస్ కాదు అనుకోవడం పెద్ద పొరపాటు. దూరంగా ఉండి, వీలైతే గేటు వేసి, డాక్టర్‌ను పిలవండి. కరిచినా, చొంగ గాయానికి తగిలినా సబ్బుతో, కుళాయి ధార కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకాకు పోవాలి. మీ కుక్క టీకా కార్డు మీద తేదీ ఇవాళ ఇంటికి పోగానే ఒకసారి చూడండి.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఏమి తేవాలి? నీళ్ల లెక్క రాసిన కాగితం, వాడుతున్న మందుల పట్టీలు, పొద్దున మొదటి మూత్రం. మూత్రం ఎలా పట్టాలి అని మొహమాటంగా అడుగుతారు, మొహమాటమెందుకు? పొడుగు కాడ ఉన్న గరిటె ఒకటి దీనికే పెట్టుకోండి. తాడు పట్టుకుని మామూలుగా నడిపించండి, అది మొదలుపెట్టాక, మొదటి చుక్కలు పోనిచ్చి, వెనక నుంచి మెల్లగా గరిటె జరపండి. ముందే పెడితే అది ఆపేసి మీ వైపు తిరిగి చూస్తుంది. ఆడ కుక్క నేలకు బాగా దగ్గరగా కూర్చుంటుంది, దానికి గరిటె కంటే అంచున్న పళ్లెం మేలు. రెండు మూడు చెంచాలు చాలు. మెడికల్ షాపులో దొరికే శాంపిల్ డబ్బాలో పోసి గంటలోపు తీసుకురండి, ఆలస్యమయ్యేట్టుంటే ఫ్రిజ్‌లో పెట్టండి. ఇక్కడ మేం చేసే మొదటి పరీక్ష దాని చిక్కదనం, ఉత్త నీళ్లను 1.000 అనుకుని దాంతో పోల్చి చూస్తాం. ఆరోగ్యంగా ఉన్న కుక్క పొద్దున మూత్రం సాధారణంగా 1.030 దాటి ఉంటుంది. మళ్లీ మళ్లీ చూసినా 1.010 దగ్గరే ఉండిపోతే కిడ్నీ దాన్ని చిక్కబరచలేకపోతోందని అనుమానిస్తాం. తర్వాత స్ట్రిప్ ముంచితే చక్కెర, ప్రోటీన్ తెలుస్తాయి. దాన్ని బట్టి రక్త పరీక్ష, స్కానింగ్. మూత్రం తేలేదా, అన్నీ గుడ్డిగా చేయాలి, మీకు ఖర్చు, దానికి సూదులు.

వాంతులు కూడా ఉంటే, నిలబడలేకపోతే, చిగుళ్లు తెల్లగా జిగటగా ఉంటే, మెడ మీద చర్మం పట్టి వదిలితే వెంటనే వెనక్కి పోకుండా అలాగే నిలబడి ఉంటే, కొలతలూ గరిటెలూ ఏమీ వద్దు, అలాగే ఎత్తుకుని రండి.

వీధి కుక్కలకు నీళ్లు పెట్టేవాళ్లు చేయెత్తారు, చెప్పన్నా. కొలవడం కుదరదు, అవును. మీ వీధిలో నాలుగు కుక్కలు ఒకే తొట్టిలో తాగితే ఎవరెంత తాగారో ఎలా తెలుస్తుంది? మీరు మనిషిని గుర్తుపట్టినట్టు వాటిని గుర్తుపడతారు కదా, అది చాలు. తొట్టి దగ్గర నుంచి కదలని కుక్క, మధ్య మధ్య ఆగి ఆగి మూత్రం పోసే కుక్క, చిక్కిపోతున్న కుక్క, ఒక ఫోటో, చిన్న వీడియో తీసి డాక్టర్‌కు చూపించండి. తొట్టి నీళ్లు రోజూ పారబోసి, రుద్ది, కొత్తవి నింపండి.

ఆ అమ్మ అడిగారు, దాహంగా ఉంది కదా, నీళ్లలో గ్లూకోజు పొడి కలపొచ్చా అని. వద్దమ్మా. షుగర్ ఉందో లేదో తెలియకుండా గ్లూకోజు పోయడం ప్రమాదం. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు కూడా సొంతంగా వద్దు. ఉత్త నీళ్లే, శుభ్రమైనవి, ఎప్పుడూ అందుబాటులో. రక్తం తీయడానికి తిండి పెట్టకుండా తీసుకురమ్మంటే తిండి ఆపండి, నీళ్లు ఆపమని డాక్టర్ ప్రత్యేకంగా చెప్తే తప్ప గిన్నె అక్కడే ఉంచండి, ఆటోలో వచ్చేటప్పుడు కూడా ఒక బాటిల్ తెచ్చుకోండి.